చిత్త కార్తె లోపల తోట సర్దుకోవడం

(నెల్లూరులో సెప్టెంబరు మొదటి వారంలో ఇంటి తోటలు పెంచేవాళ్లు, అపార్ట్‌మెంట్ల సంఘాలవాళ్లు, తోటమాలులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. కాగితం, పెన్ను తెచ్చుకున్నవాళ్లు కొలతలు రాసుకోండి. మిగతాది గుర్తుంటే చాలు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఈ హాల్లో చాలానే ఉంటాయి. కొలరాడో కొండల్లోనో మిన్నెసోటాలోనో ఉండేవాళ్లు అక్టోబరు వచ్చేసరికి ఫోన్లో ఒక మాట చెబుతుంటారు, స్ప్రింక్లర్ మనిషి వచ్చి పైపుల్లోకి గాలి కొట్టి వెళ్లాడని. నీళ్లు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, లోపల నీళ్లున్న పైపు పగిలిపోతుంది. అందుకని మంచు పడేలోపలే పైపులు ఖాళీ చేసి, ఆకులు ఊడ్చి, లేత చెట్లకు దన్ను పెట్టి తోట మూసేస్తారు. ఆ తర్వాత నేల గట్టిపడుతుంది, పార దిగదు. తేదీ దాటాక చేద్దామన్నా చేసే పని ఉండదు.

మనకు మంచు లేదు గానీ అలాంటి తేదీ ఒకటి మనకూ ఉంది. కార్తెల లెక్కలో చెబుతాను, పెద్దవాళ్లకు తేలిగ్గా ఉంటుంది. ఉత్తర సెప్టెంబరు 13న, హస్త 27న, చిత్త అక్టోబరు 10, 11 ప్రాంతంలో, స్వాతి 24న వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మన తీరానికి మామూలుగా అక్టోబరు 20 అటూ ఇటూగా వస్తాయి, అంటే చిత్త చివర్లో. హైదరాబాదువాళ్లకు వానాకాలం అయిపోయే వేళకు మనకు మొదలవుతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఒంగోలు వైపు ఆ వాటా కొంచెం తగ్గుతుంది, అయినా గాలి మాత్రం ఇదే గాలి.

పెద్ద దెబ్బలు తగిలిన నెలలు చూడండి. 1927 నెల్లూరు తుఫాను నవంబరు. 1984లో శ్రీహరికోట దగ్గర తీరం దాటింది నవంబరు. 1989లో కావలి దగ్గర దాటింది నవంబరు. 2015లో ఊళ్లు మునిగింది నవంబరు. 2021లో పెన్న పొంగి హైవే తెగింది నవంబరు. 2023 మిచాంగ్ ఒక్కటి డిసెంబరు మొదటి వారానికి జరిగింది. కాబట్టి చిత్త ప్రవేశించే నాటికి మీ తోటలో పార పని, రంపం పని రెండూ అయిపోయి ఉండాలి. ఇవాళ్టి నుంచి చూస్తే చేతిలో ఐదు వారాలుంది.

నేను చెప్పబోయేదంతా రెండు ముక్కల్లో ఇమిడిపోతుంది. ముందు నీళ్లకు దారి చూడాలి, ఆ తర్వాత గాలికి. ఈ వరస తిరగేయొద్దు. నేల నానిపోయాక వేరుకు పట్టు ఉండదు. పట్టు లేని చెట్టును ఎంత చక్కగా కత్తిరించినా, ఎన్ని కర్రలు కట్టినా గాలికి లేస్తుంది. మన దగ్గర చెట్లు ఎక్కువగా విరిగిపోవు, వేళ్లతో సహా పడిపోతాయి. వాయుగుండం వెళ్లాక రోడ్డు మీద పడి ఉన్న చెట్లను గమనించండి, మొదలు దగ్గర మట్టి పళ్లెంలా లేచి ఉంటుంది.

సరే, నీళ్లు. ఐదు సెంట్ల స్థలం తీసుకోండి, అంటే మన లెక్కలో ముప్పై అంకణాలు. దాని మీద ఒక్క రోజులో 15 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల దాకా పడితే వాతావరణ శాఖ అతి భారీ వర్షం అంటుంది. వాయుగుండం మన తీరానికి దగ్గరగా వస్తే అదేమీ వింత కాదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఐదు సెంట్లు 202 చదరపు మీటర్లు. గుణిస్తే ముప్పై వేల లీటర్ల పైమాటే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు తెచ్చి మీ కాంపౌండులో వదిలేసినట్టు. అవన్నీ ఎటు పోతాయో మీకు తెలిసి ఉండాలి. తెలియదంటే అవి గోడ వైపు పోతున్నాయని అర్థం.

నేల తాగుతుందా లేదా అన్నది చూడటానికి అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తవ్వండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టి, గంటకు ఎంత దిగిందో కొలవండి. మైపాడు వైపు ఇసుక నేలల్లో గుర్తు పెట్టేలోపలే ఇంకిపోతాయి. గంటకు అంగుళం కూడా దిగకపోతే ఆ నేల వాన తాగదు, పైనుంచి తోలెయ్యాల్సిందే.

ఇక్కడ ఊరి చుట్టూ కొత్త లేఅవుట్లలో ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. వాటిలో చాలావరకు ఒకప్పటి వరి మళ్లు. ఏళ్ల తరబడి దమ్ము చేసిన మడిలో అడుగున ఒక గట్టి పొర తయారై ఉంటుంది. నీళ్లు నిలవాలనే రైతు దాన్ని కాపాడుకున్నాడు. దాని మీద రెండడుగులు గ్రావెల్ తోలి, రోలరు తొక్కించి ప్లాట్లు వేశారు. పైన ఎర్రగా, పొడిగా కనిపిస్తుంది. గునపంతో రెండున్నర, మూడు అడుగులు పొడిస్తే నల్లటి బంక తగులుతుంది. వాన నీళ్లు గ్రావెల్‌లోంచి దిగి ఆ బంక మీద నిలుస్తాయి. పైకి చుక్క కనిపించదు, వేరు మాత్రం నీళ్లలో ఉంటుంది. మూడు రోజుల ముసురు తర్వాత బొప్పాయి ఆకులు వాడి వేలాడుతున్నాయంటే కారణం అదే. నీళ్లు చాలలేదనుకుని మళ్లీ నీళ్లు పెడతారు కొందరు. అది దాన్ని చంపడమే.

అలాంటి నేలలో చెట్ల వరసకు నాలుగడుగుల దూరంలో ఒక కాలువ తియ్యండి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. వాలు వందకు ఒకటి, అంటే పది అడుగుల పొడవుకు సుమారు అంగుళం పావు పల్లం. కంటితో చూసి వాలు తియ్యొద్దు, మన కళ్లు ఇంటి గోడను చూసి మోసపోతాయి. తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు, ఆ సన్నటి తెల్ల గొట్టం, మీటర్ల లెక్కన హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. నీళ్లు నింపి, లోపల గాలి బుడగలు లేకుండా చూసి, రెండు కొసలూ రెండు కర్రలకు ఆనించి పట్టుకుంటే రెండు వైపులా నీటిమట్టం ఒకటే ఉంటుంది. అక్కడి నుంచి కిందికి టేపుతో కొలుచుకోండి. బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది, అందుకే గొట్టాన్ని ఒకసారి పొడవునా ఎత్తి పట్టి చూడాలి. కాలువ తవ్విన మట్టి గట్టు ఇంటి వైపు వెయ్యండి, చెట్టు వైపు వద్దు.

కాలువ చివర ఎక్కడికి? మునిసిపల్ డ్రెయిన్ మీ నేల కంటే పల్లంలో ఉంటే అందులోకి. చాలా వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇంటి నేల కంటే డ్రెయినే ఎత్తులో ఉంటోంది. అలాంటిచోట పైపు పెట్టారంటే డ్రెయిన్ నీళ్లే లోపలికొస్తాయి. అప్పుడు ఒక మూల నాలుగడుగుల చదరపు గుంట తీసి, వాన రోజుల్లో చిన్న మోటారుతో బయటికి తోడటం ఒక్కటే దారి. ఇంకుడు గుంత ఇసుక నేలలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బంక నేలలో అది నీళ్ల తొట్టి అవుతుందంతే. ఉన్న ఇంకుడు గుంతల్లో పైనున్న ఇసుక పొరను ఈ నెలలో ఆరంగుళాల మేర తీసి కడిగి మళ్లీ వెయ్యండి. ఏడాదిలో చేరిన సన్న ఒండ్రు దాన్ని సిమెంటులా మూసేసి ఉంటుంది.

కాంపౌండు గోడ అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన పైపు ముక్కలుంటాయి. వాటిలోకి ఇనుప చువ్వ దూర్చి చూడండి. సగం ఇళ్లలో అవి మట్టితో పూడిపోయి ఉంటాయి. గోడకు ఒక పక్క తడి మట్టి, ఇంకో పక్క ఏమీ లేకపోతే తొమ్మిదంగుళాల గోడైనా ఒరుగుతుంది. ఇంటి గోడకు ఆనించి పూలమొక్కలకు మట్టి పోసుకున్నవాళ్లు, ఆ మట్టి బేస్‌మెంట్ పైఅంచుకు కనీసం ఆరంగుళాల కింద ఉండేట్టు ఇప్పుడే తీసెయ్యండి. చెద కూడా అక్కణ్నుంచే ఎక్కుతుంది.

ఇప్పుడు పాదులు. ఎండాకాలంలో పాదు గిన్నెలా ఉండాలి, నీళ్లు మొదట్లో నిలవాలి. వానాకాలంలో బోర్లించిన మూకుడులా ఉండాలి. ఈ ఒక్క మార్పు చెయ్యక నిమ్మ చెట్లు పోగొట్టుకున్న ఇళ్లు మన జిల్లాలో ఎన్నో. పొదలకూరు, రాపూరు నిమ్మ రైతులకు ఇది కొత్త కాదు, పెరట్లో ఒకటి రెండు చెట్లు పెంచేవాళ్లకే తెలియడం లేదు. బోదె చుట్టూ అడుగున్నర మేర మట్టిని అరడుగు ఎత్తు పోసి బయటికి వాలు చెయ్యండి. బోదెకు అంటుకట్టు కనిపిస్తుంటే మట్టి దానికి తగలకూడదు, నాలుగు వేళ్లు కిందే ఆగాలి. నీళ్లు బోదెకు తగిలి నిలిస్తే బంక తెగులు వస్తుంది, బెరడు పగిలి జిగురు కారుతుంది. ఆ జిగురు కనిపించేసరికి లోపల సగం చుట్టు కుళ్లిపోయి ఉంటుంది.

దానికి ముందుగానే బోర్డో పేస్టు పుయ్యాలి. కొనుక్కోనక్కర్లేదు, ఇంట్లో చేసుకోవచ్చు. మైలుతుత్తం వంద గ్రాములు, పొడి సున్నం కాదు, రాతి సున్నం వంద గ్రాములు, నీళ్లు మొత్తం ఒక లీటరు. రెండు ప్లాస్టిక్ మగ్గుల్లో అర లీటరు చొప్పున నీళ్లు తీసుకుని, ఒకదాన్లో మైలుతుత్తం పొడి కొట్టి కరిగించండి. రెండోదాన్లో సున్నం వేసి పొంగనిచ్చి, చల్లారాక గుడ్డలో వడగట్టండి. తర్వాత రెండూ మూడో ప్లాస్టిక్ బకెట్లోకి కలిపి పుల్లతో తిప్పండి. లేత నీలం రంగు ముద్ద వస్తుంది. ఇనుప కత్తి ఒకటి అందులో నిమిషం ముంచి తియ్యండి. కత్తి మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపాలి. అలాగే పూసేస్తే బెరడు మాడుతుంది. ఇనుప బకెట్టూ రేకు డబ్బాలూ వాడొద్దు, మందు వాటినే తింటుంది. కలిపిన రోజే వాడెయ్యాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు. పాత పెయింటు బ్రష్షుతో నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా చుట్టూ పుయ్యండి. ఎండ ఉన్న రోజు చూసి, పూత ఆరడానికి ఒక పూట వ్యవధి పెట్టుకోండి.

ఎరువుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యూరియా వెయ్యొద్దు. ఇసుకలో అది మొదటి వానకే కొట్టుకుపోతుంది, బరువు నేలల్లో లేత చిగురు తెప్పిస్తుంది. లేత కొమ్మకు గాలి, తెగులు రెండూ ముందుగా తగులుతాయి. కాపుకొచ్చిన చెట్టుకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు వందల గ్రాములు, కొమ్మల నీడ అంచున గాడి తీసి వేసి మట్టి కప్పండి, అది చాలు.

ఇక గాలి. గంటకు 60 కిలోమీటర్ల గాలి కంటే 120 కిలోమీటర్ల గాలి రెట్టింపు కాదు, నాలుగింతలు బలంగా తోస్తుంది. కాబట్టి చెట్టు తల మీద ఎంత బరువుంది, గాలి లోపలికి దూరి వెళ్లే సందు ఉందా అన్నది చూడాలి. తల నరికెయ్యడం దీనికి మందు కాదు. మన వీధుల్లో ఏటా జరిగేది అదే. అక్టోబరులో మనిషిని పిలిచి, నిద్రగన్నేరు చెట్టును మోడు చేసి, అమ్మయ్య అనుకుంటారు. రెండేళ్లకు ఆ మోడు చుట్టూ చీపురు కట్టలా పాతిక కొమ్మలు లేస్తాయి. అవి లోపలి చేవ నుంచి పుట్టినవి కావు, బెరడు కింద అతికినవి. మూడో ఏడు తుఫానుకు ఊడిపడేవి అవే. కత్తిరింపు చెట్టు తలలో పావు వంతు దాటకూడదు. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఇంటి మీదకు వాలినవి, సన్నటి సందులో ఇంగ్లీషు వీ అక్షరంలా కలిసినవి, ఇవి తీస్తే చాలావరకు ఆ పావు వంతే అవుతుంది.

కొయ్యడం ఎలా అన్నది తోటమాలులు జాగ్రత్తగా వినండి. చెయ్యి మందం కొమ్మ అనుకోండి. పైనుంచి ఒక్క కోతకు తెంపితే, సగం తెగగానే కొమ్మ తన బరువుకు కిందికి వంగి, బోదె బెరడును మూరెడు పొడవున చీల్చుకుంటూ పడుతుంది. ఆ గాయం మానదు. అందుకని మూడు కోతలు. మొదటిది బోదెకు అడుగున్నర దూరంలో, కింది వైపు నుంచి మూడో వంతు మందం దాకా. రెండోది దానికి రెండంగుళాలు బయటగా, పైనుంచి. కొమ్మ చీలకుండా పడిపోతుంది, బోదెకు మొండెం మిగులుతుంది. మూడోది ఆ మొండేనికి. కొమ్మ బోదెలోంచి పుట్టే చోట ఉబ్బెత్తుగా ఒక ఉంగరంలాంటిది ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. గాయాన్ని మూసే కొత్త బెరడు అక్కణ్నుంచే వస్తుంది. ఆ ఉంగరాన్ని వదిలి, దాని బయటి అంచున కోసెయ్యాలి. నున్నగా ఉంటుందని బోదెకు సమంగా కోస్తే ఉంగరం పోతుంది. దూరంగా వదిలితే మొండెం కుళ్లి, ఆ కుళ్లు లోపలికి దిగుతుంది. వేపకో కానుగకో ఏ ముదురు గాయం ఉన్నా చూడండి, సరిగ్గా కోసినచోట చుట్టూ పెదవిలా బెరడు మూసుకొస్తూ ఉంటుంది.

ఏ చెట్టు ఎలాంటిదో కాస్త తెలిసి ఉండాలి. తురాయి, పచ్చపూల పెల్టోఫోరం, సుబాబుల్, మునగ, ఇవి పెళుసు. మునగను ఈ నెలలో నాలుగడుగుల ఎత్తుకు కొట్టేసినా తప్పులేదు, మళ్లీ వస్తుంది. చింత, వేప గట్టివి, వాటి జోలికి ఎక్కువ పోనక్కర్లేదు. డ్రెయిను కోసమో కేబుల్ కోసమో మొదలు పక్కన తవ్విన చెట్టు ఏ జాతిదైనా అనుమానించండి. ఒక వైపు వేళ్లు తెగిపోయి ఉంటాయి, అది తెగని వైపుకు పడుతుంది. మొదలు దాకా సిమెంటు పోసిన చెట్టు కూడా అంతే. కనీసం మూడడుగుల చదరం సిమెంటు పగలగొట్టి నేల తెరవండి.

కొన్నింటికి ఇప్పుడు కత్తెర తగలకూడదు. మామిడి కత్తిరించాల్సింది కాపు కోసిన వెంటనే, జూన్, జూలైలో. ఇప్పుడు కోస్తే ఈ వానలకు చిగురేసుకుని డిసెంబరు, జనవరిలో పూత ఎగ్గొడుతుంది. ఇంటి మీదికి వంగిన ఎండుకొమ్మ ఒకటి తీసి వదిలెయ్యండి. మల్లె పొదను వానలు తగ్గి నీళ్లు ఆపాక, డిసెంబరు చివర్లో కత్తిరించాలి. గులాబీకి అక్టోబరు కత్తిరింపు అని పుస్తకాల్లో ఉంటుంది, అది వానలు సెప్టెంబరుతో అయిపోయే ఊళ్ల లెక్క. మన ముసురులో కోసిన కొస నుంచి నల్లబడి కిందికి ఎండుకుంటూ వస్తుంది.

కొబ్బరి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తప్పు ఇక్కడే ఎక్కువ. ఎండు మట్టలు, ముదిరిన కాయలు, పాత గెలల మొదళ్లు దింపించండి. విసురుగాలికి అవి రాళ్లు. కానీ పచ్చ మట్టలు ముట్టుకోవద్దు. చెట్టు చక్కగా కనిపించాలని పైన నిలువుగా ఉన్న అయిదారు మట్టలు మాత్రం ఉంచి మిగతావి కొట్టించేస్తుంటారు, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు ముప్పై, ముప్పై అయిదు మట్టలుండాలి. పక్కకు వాలిన మట్టలే మధ్యలో మొవ్వుకు దన్ను. దన్ను తీసేశాక గాలి మొవ్వును మెలితిప్పుతుంది. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. ఎక్కినవాడు దిగేలోపల పైన మట్టల సందుల్లో మూడు నాలుగు నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఇసుక కప్పమనండి, కొమ్ము పురుగుకు. చెట్టు కింద రోజూ కారు పెట్టేవాళ్లు డిసెంబరు దాకా ఇంకోచోట పెట్టుకోండి, ఇంతకంటే చెప్పేదేముంది.

అరటిలో గాలికి ఎక్కువగా ఒరిగేది గెల వేసిన చెట్టే. రెండు సర్వి కర్రలు కత్తెరలా కట్టి, గెల వంగిన వైపు నుంచి దన్ను పెట్టండి.

లేత చెట్లకు కర్రలు కట్టడంలో రెండు తప్పులు చూస్తుంటాం. ఒకటి, బోదెకు ఆనించి ఒకే కర్ర పాతి పైదాకా బిగించెయ్యడం. కదలని బోదె బలవదు. రెండు సర్వి కర్రలు, చెరో పక్క అడుగు దూరంలో, గాలి వచ్చే ఈశాన్యానికి అడ్డంగా నిలబెట్టండి. కర్ర నేలలోకి రెండడుగులు దిగాలి, ఇసుకలో మూడు. చెట్టు ఎత్తులో మూడో వంతు దగ్గర ఒకే కట్టు చాలు. రెండోది, బైండింగు తీగతో కట్టడం. గాలికి ఊగినప్పుడల్లా తీగ బెరడును కోస్తుంది. డిసెంబరులో తీగ విప్పరు, బోదె లావై దాన్ని మింగేస్తుంది, రెండేళ్లకు అక్కడే విరుగుతుంది. పాత సైకిల్ ట్యూబును బొటనవేలంత వెడల్పు ముక్కలు కోసి, బోదె చుట్టూ తిప్పి, బోదెకూ కర్రకూ మధ్య ఒక మెలిక వేసి కర్రకు కట్టండి. ఎనిమిది అంకె ఆకారం వస్తుంది. ఆ మెలిక ఉంటేనే బోదె కర్రకు రాసుకోదు.

కడియం నర్సరీల నుంచి ఎనిమిది, పది అడుగుల చెట్లు తెచ్చి నాటించుకుంటున్నారు ఇప్పుడు. ఈ నెల దాటితే ఆ ఎత్తు మొక్కలు నాటొద్దు, జనవరిలో చూసుకోండి. అవి బంకమట్టి ముద్దతో వస్తాయి. మన ఇసుకలో గుంట తీసి ముద్దను అలాగే దించేస్తే వేరు ముద్ద దాటి రాదు, గాలికి ముద్దే కుండలా ఊగుతుంది. నాటేటప్పుడు ముద్ద అంచులు నాలుగు వైపులా వేళ్లతో విప్పాలి, చుట్టుకున్న వేళ్లు కొయ్యాలి. మూడడుగుల లోపు మొక్కలైతే ఈ వానల్లోనే నాటండి, బాగా నాటుకుంటాయి.

పచ్చిక గురించి ఒక్క మాట. ఇప్పుడు దాని మీద ఎర్రమట్టి చల్లించొద్దు. మొదటి వానకు మట్టి పైన అట్ట కడుతుంది, గడ్డికి ఊపిరాడదు. పైగా ఎర్రమట్టితో పాటు తుంగ గడ్డలు కూడా డబ్బిచ్చి కొనుక్కున్నట్టే. నాలుగు ముళ్ల ఫోర్కుతో అరడుగు దూరంలో మూడంగుళాల లోతు పొడిచి, పైన పావు అంగుళం ఇసుక చల్లండి.

ఇవన్నీ చిత్త లోపల. ఆ తర్వాత తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకో హెచ్చరిక ఇస్తుంది. మొదటిది వినగానే మేడ మీద షేడ్ నెట్ విప్పెయ్యాలి. గాలికి అది తెరచాప, పైపులతో సహా లేపుతుంది. ఇరవై లీటర్ల బకెట్టుడు తడి మట్టి ముప్పై కిలోల పైన తూగుతుంది, అది కదలదు గానీ దాని మీద ఉన్న ఆరడుగుల మొక్క దాన్ని పడేస్తుంది. పొడుగు మొక్కల కుండీలను పక్కకు పడుకోబెట్టండి. గోడ పైఅంచు మీద పెట్టిన చిన్న కుండీలన్నీ కిందికి దించండి. వీధిలో మనిషి తల మీద పడేవి అవే. మేడ మీద నీళ్లు దిగే జాలీ దగ్గర ఆకులు ఊడ్చండి. నాలుగంగుళాల పైపు మూతికి రెండు బాదం ఆకులు అడ్డం పడితే చాలు, మేడంతా చెరువు.

24 గంటల హెచ్చరిక వచ్చాక చెట్టెక్కొద్దు, రంపం పట్టొద్దు. కోసిన కొమ్మలు ఎత్తేవాడు దొరకడు, అవే రేపు గాలికి ఎగురుతాయి. తోట లైట్ల స్విచ్, బోరు మోటారు మెయిన్ కట్టెయ్యండి. డ్రిప్పు గొట్టాల చివరి మూతలు విప్పి వదిలెయ్యండి, లోపల చేరిన మట్టి వాన నీళ్లతో బయటికి వస్తుంది. అంతే.

అడగాల్సినవి ఏమన్నా ఉంటే అడగండి.

ప్రశ్న: కరెంటు తీగలకు తగిలే కొమ్మలు మేమే కొట్టించుకోవచ్చా అన్నా?

వద్దమ్మా. తీగకు మూడు మీటర్ల లోపల ఏ కొమ్మ ఉన్నా 1912కు ఫోన్ చెయ్యండి, లేదంటే మీ లైన్‌మన్‌కు చెప్పండి. వాళ్లు లైన్ ఆపి కొడతారు. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, తడిస్తే ఇంకా బాగా పారుతుంది. అల్యూమినియం నిచ్చెన అసలే వద్దు. చెట్టును పూర్తిగా తీసెయ్యాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. కొమ్మల పని కాగితాలు లేకుండా అయిపోతుందిలే అనుకుని చెట్టు మొత్తం కొట్టించుకోవద్దు.

ప్రశ్న: పడిపోయిన చెట్టును మళ్లీ నిలబెడితే బతుకుతుందా?

బోదె మన చెయ్యి మందం లోపుంటే బతుకుతుంది, ఒకటి రెండు రోజుల్లో లేపితే. అప్పటిదాకా బయటపడ్డ వేళ్ల మీద తడి గోనెపట్టా కప్పి ఉంచండి. నేల మెత్తగా ఉండగానే లేపాలి. తాడు బోదెకు నేరుగా కట్టకుండా కింద గోనె చుట్టి, వేళ్ల కింద మట్టి తీసి, మెల్లగా లాగి నిలబెట్టి, మూడు వైపులా కర్రలు పెట్టండి. తలలో మూడో వంతు తగ్గించండి, ఇక్కడ మాత్రం పావు వంతు నియమం వర్తించదు. వేళ్లు సగం పోయాయి, మిగిలినవి ఆకులన్నిటికీ నీళ్లు అందించలేవు. పెద్ద చెట్టయితే లేపే ఖర్చు దండగ. నిలబెట్టినా మరుసటి ఏడు అటే పడుతుంది.

ప్రశ్న: రాలిన ఆకులు, కొట్టిన కొమ్మలు ఏం చెయ్యాలి? చెత్త బండివాళ్లు తీసుకోవట్లేదు.

కొమ్మలు ఇప్పుడే, ఎండ ఉండగానే వదిలించుకోండి. నవంబరులో తడి కొమ్మల గుట్ట ఇంటి పక్కన ఉంటే పాములు చేరతాయి. ఉంచుకోక తప్పదంటే ఇంటికి దూరంగా, ఇటుకల మీద పేర్చండి. ఆకులు మూడడుగుల చదరపు గుంటలో వేసి పల్చగా పేడ నీళ్లు చల్లి, పైన టార్పాలిన్ కప్పండి. కప్పకపోతే వానకు సారమంతా కారిపోయి చివరికి నల్లటి నార మిగులుతుంది. గుంట అడుగున నీళ్లు నిలిస్తే కుళ్లు వాసన వస్తుంది, కాబట్టి ఎత్తు మీదే తియ్యండి.

ప్రశ్న: దోమలకు ఏదన్నా చెప్పండి సార్.

కుండీల కింద పళ్లాలు మొత్తం తీసెయ్యండి, జనవరి దాకా వాటితో పనిలేదు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేసరికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒక రోజు పెట్టుకుని నీళ్లు నిలిచినవన్నీ ఒంపెయ్యాలి. అందరూ పళ్లాలే చూస్తారు. ఇందాక చెప్పిన కర్రలున్నాయి చూడండి, వెదురు కర్ర వాడినవాళ్లు దాని పైకొసను కణుపు దగ్గర కొయ్యండి. కణుపు పైన నాలుగంగుళాల గొట్టం వదిలితే అందులో గ్లాసుడు నీళ్లు నిలుస్తాయి. ఇప్పటికే కోసేసి ఉంటే ఆ గొట్టంలో ఇసుక పోసెయ్యండి.